తేనెటీగ పట్టీ

సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్లనీ గోదావరి దాటించే పంటు నడిపే సరంగు మాణిక్యాలరావుకి మోకాళ్లు వాచి, చుక్కాని దగ్గర నిలబడటమే గగనమైంది. కీళ్లనొప్పులకి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లని ఆటపట్టించడం అతని అలవాటు. అందుకే రాజోలు వెళ్లి మోకాళ్లకి ఇంజెక్షన్లు చేయించుకున్న రోజున, పెళ్లికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాడు.

మస్కట్‌లో ఉన్న అల్లుడు పంపిన, మోకాళ్లకి అంటించుకునే పట్టీలు అప్పటికే వాడుతున్నాడు. వాటికి కంటికి ఆనని సన్నటి ముళ్లుంటాయి. ఆ ముళ్లకి పూసిన తేనెటీగ విషం చర్మంలోకి దిగి వాపు లాగేస్తుందట. అతనికి మాత్రం దురద తప్ప ఇంకేం తెలియలేదు. అయినా ఇంజెక్షన్లతో వాపు తగ్గాక, ఎలా తగ్గిందని జనం అడిగితే లుంగీ పైకి లాగి పట్టీ చూపించేవాడు.

రోజూ అతని పంటు మీద అవతలి ఒడ్డున ఉన్న నరసాపురానికి రొయ్యలు తీసుకెళ్లే పైడమ్మకి చేతివేళ్ల కీళ్లవాతం. డాక్టరు రాసిన మందులతో అదుపులోనే ఉంది కానీ, అవి వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఒకరోజు పంటు మీద అందరి ముందూ అడిగింది.

"నిజంగా దీంతోనే తగ్గిందాండీ బాబాయిగారూ? బిళ్లలు మానేద్దామనుకుంటన్నానండీ."

అందరూ అతని మొహమే చూస్తున్నారు.

"ఆయ్, దీంతోనే," అన్నాడు. తన దగ్గరున్న పట్టీలు కూడా ఆమె చేతిలో పెట్టాడు.

తరవాత కొన్ని వారాలు పైడమ్మ రేవుకి రాలేదు. వచ్చిన రోజున రొయ్యల తట్ట కూతురు లక్ష్మీదుర్గ మోస్తోంది. పైడమ్మ వేళ్లు ఉబ్బి, లోపలికి ముడుచుకుపోయాయి. పట్టీ అంటించినచోట మణికట్టు ఎర్రగా పొక్కింది. అది చూసి మాణిక్యాలరావు చుక్కాని వదిలి దగ్గరికొచ్చాడు. ఆమే అతన్ని ఊరడించింది. పట్టీలో తప్పేమీ లేదని, తన ఒంటికే అది పడలేదని చెప్పింది.

గోదావరి దాటినంతసేపూ ఆ మాటే అతన్ని కోసేసింది. అవతలి రేవులో ఇంజను ఆపి, దిగబోతున్న పైడమ్మకి ఎదురెళ్లాడు.

"నాకు తగ్గింది సూదులతోనమ్మా. రాజోల్లో చేయించుకున్నాను. నలుగురిలో చెప్పడానికి నామోషీ వేసింది."

పైడమ్మ దిగకుండా ఆగింది.

"నేనడిగిన రోజున కూడా తెలుసాండీ?"

"తెలుసు."

లక్ష్మీదుర్గ ఏదో అనబోతే తల్లి వద్దంది. డాక్టరు దగ్గరికి తను తీసుకెళ్తానన్నాడు మాణిక్యాలరావు.

"మీరు రావద్దండీ. మా అమ్మాయి తీసుకెళ్తాది," అని మెల్లగా దిగిపోయింది.

మళ్లీ మందులు మొదలుపెట్టాక వాపు చాలావరకు దిగింది కానీ కుడిచేతి వేళ్లు రెండు తిన్నగా రాలేదు. ఇప్పటికీ ఆమె అతని పంటు మీదే వెళ్తుంది. పలకరిస్తే మర్యాదగానే బదులిచ్చి, మోటారు సైకిళ్ల వెనకకి పోయి కూర్చుంటుంది. ఆమె దిగేదాకా మాణిక్యాలరావు తల తిప్పకుండా నీళ్లకేసే చూస్తుంటాడు.