ఊరంతటికీ ఒకే స్తంభం

ఊళ్లో కట్టే ఇళ్లు భూకంపానికి తట్టుకునేలా ఉన్నాయో లేదో పురపాలక కార్యాలయం సరిగ్గా చూస్తోందా అని మార్కులు వేసే పని ఆవిడకు అప్పగించారు. సొంత ఊరే కదా, తేలిగ్గా అయిపోతుందనుకుంది.

బల్ల మీద నలభై ఒక్క ఫైళ్లు పెట్టారు. కాంక్రీటు పోసే ముందు స్తంభంలో చువ్వలు తనిఖీ చేసినట్టు ప్రతి ఫైల్లోనూ ఒక ఫొటో ఉంది. పదో ఫైలు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. చువ్వల పక్కన ఎవరిదో ఒంటి చెప్పు పడి ఉంది. వెనక్కి తిప్పి చూస్తే అన్నింట్లోనూ అదే చెప్పు.

"ఇదేంటి బాబూ, ఊరంతటికీ ఒకటే స్తంభమా?"

"ఫొటో పెట్టమన్నారు, పెట్టాం మేడమ్," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండానే. "ఏ ఇంటిదని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు."

ఆవిడకు ఒళ్లు మండింది. వీళ్ల సంగతి తేల్చాల్సిందే అనుకుంటూ ఆఖరి ఫైలు తెరిచింది. అది తామున్న అపార్టుమెంటుదే. అందులోనూ ఆ చెప్పే.

సాయంత్రం వంటింట్లో భర్తకు చెప్పింది. పక్క గదిలో అత్తగారు మనవరాలికి జడ వేస్తోందని ఆయన గొంతు తగ్గించాడు.

"మనది రాశావంటే రేపే ఖాళీ చేయమంటారు. అమ్మనీ పిల్లనీ వేసుకుని ఎక్కడికి పోదాం? మిగతావాళ్లవి రాయి, ఎవరొద్దన్నారు?"

"కూలితేనో?"

"ఇన్నాళ్లూ కూలిందా ఏంటే?"

మర్నాడు ఆవిడ నివేదికలో ఆ కార్యాలయం దుమ్ము దులిపేసింది. నలభై కట్టడాల్లో అసలు తనిఖీయే జరగలేదని, నలభై ఒకటోదాంట్లో మాత్రం సక్రమంగా జరిగిందని రాసి సంతకం పెట్టింది.