రాజమణి చేతి రంగు

1961 జూలై 12, బుధవారం. ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర తిన్నాను. నా భార్య పోయాక ఆ ఊరికి బదిలీ అయి వచ్చిన నాటి నుంచి ఇస్రాయేలు సార్ ఇంట్లో నాకూ ఒక గిన్నె సర్దేవారు. నేను అడిగింది లేదు, వాళ్లు చెప్పింది లేదు. కట్టంగూరు అవతల మా బడికి పంతుళ్లం మేమిద్దరమే. పిల్లలకు నీళ్లు పోయడానికి మల్లమ్మ ఉండేది.

తిన్నాక ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"మూడో తరగతి రాజమణి మోచేతి పైన చూశారా?"

"రంగు సారూ," అన్నాడు ఇస్రాయేలు. "మగ్గాలోళ్ల పిల్లలాయె. ఒకని చెయ్యి ఎర్రగ, ఒకని చెయ్యి నీలంగ. మీరు కొత్త గదా, జర నిలబడితే మీ కండ్లకు గూడ అలవాటైతది."

"నూలు ముంచితే రంగు వేళ్లకు అంటుతుంది, భుజం దగ్గర కాదు. పోయిన వారం నీలంగా ఉన్నది ఇవాళ అంచుల్లో పసుపు తిరిగింది. ఏ రంగు అలా మారుతుంది?"

మల్లమ్మ తల వంచుకుంది. "రంగు పోతలేదని ఇంక గట్టిగ రుద్దిన సారూ. పిల్ల కిక్కురుమనలే."

ఆమెను ఏమీ అనలేదు. ఇకనుంచి ఏం చేయాలో చెప్పాను. పిల్లల ఒంటి మీద దెబ్బలు చూడాలి. నలుగురిలో అడగకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. పిల్ల చెప్పింది నమ్మాలి, దాచకుండా ఠాణాకు చెప్పాలి.

"చెప్తే పిల్లను బడి మాన్పిస్తరు సారూ," అన్నాడు ఇస్రాయేలు.

"చెప్పకపోతే సాయంత్రం ఆ ఇంటికే పోతుంది."

మల్లమ్మ రాజమణిని కుండల చాటుకు తీసుకెళ్లి జడ విప్పి దువ్వసాగింది. చాలాసేపటికి వచ్చి మెల్లగా చెప్పింది. "పోగు తెగితే చిన్నాయిన మగ్గం పలకకట్టెతోని కొడుతుండట. తండ్రి సచ్చినకాడి నుంచి గిదే కథ."

ఇస్రాయేలు లేచాడు. సైకిలెక్కి ఠాణాకు పోయాడు.

బడి విడిచే వేళకు చిన్నాయన వెంకటనర్సు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్ల మల్లమ్మ కొంగు పట్టుకుంది.

"పా బిడ్డా. మగ్గం ఆగింది."

"చేతికేమైంది?" అన్నాను.

"రంగు సారూ. మా ఇండ్లల్ల మామూలే."

తడిగుడ్డతో అతని వేళ్లు తుడిచాను. గుడ్డ నీలమైంది. మరో గుడ్డ తడిపి పిల్ల చేతి మీద దూదిలా ఆనించాను. అది తెల్లగానే ఉంది. రెండూ అతనికి చూపించాను.

"నా పిల్ల. నేను సాదుతున్న," అన్నాడు. గొంతు లేవలేదు గానీ ఒక అడుగు లోపలికి వేశాడు.

"ఠాణాకు కబురు పోయింది. అమీన్ సాబ్ వచ్చేదాకా పిల్ల నీ ఇంటికి రాదు."

"మరి యాడుంటది? ఆడదిక్కులేని నీ ఇంట్లనా?"



"నా ఇంట్ల," అంది మల్లమ్మ.

"మా కులపోళ్లు ఊకుంటరా?"

"ఊకోకపోతే వాళ్లనే రమ్మను నర్సూ. గీ చెయ్యి వాళ్లకు గూడ చూపిస్త."

అతను గుడ్డల వంక చూశాడు, పిల్ల వంక చూడలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

చీకటి పడేలోపు ఇస్రాయేలు తిరిగొచ్చాడు. అమీన్ సాబ్ పొద్దున్నే వస్తానన్నాడట. ఇద్దరం మల్లమ్మ వాకిట్లో నిలబడ్డాం. లోపల రాజమణి తింటూ ఉంది. మల్లమ్మ మాకు తల ఊపి, పిల్ల ఉలిక్కిపడకుండా చప్పుడు లేకుండా తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టుకుంది.