బోణీ కన్ను

మా మధురై కంటి పరిశోధనశాలలో రోజూ మొదటి స్కాన్ డాక్టర్ తిరునావుక్కరసు గారి కుడి కంటికే. మిషన్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మొదలైన అలవాటది. మేం దాన్ని బోణీ అనేవాళ్ళం. ఏం కన్నండీ అది! రెటీనా పొరలు నునుపుగా సాగి, చూపు నిలిచే చోట చిన్న గుంట పడి, మళ్ళీ నునుపుగా సాగిపోయేవి. వయసు మళ్ళినవాళ్ళ చూపును సరిగ్గా నడిమధ్యన తినేసే జబ్బు మీద మా పరిశోధన. రోగుల బొమ్మలన్నీ ఆ కంటి పక్కన పెట్టి పోల్చేవాళ్ళం.

ఆ సోమవారం గుంట ఉండాల్సిన చోట పొర పైకి ఉబ్బి ఉంది. దాని కింద నల్లటి బుడగ.

"పూంగోదై, లెన్స్ తుడిచావా?" అన్నారు సార్.

"తుడిచాను సార్. మీరే కదిలుంటారు."

"నేనా? నీ పెళ్ళి ఫొటోలో కదలకుండా నిలబడింది నేనొక్కణ్ణే. మీ ఆయన కళ్ళు మూసేశాడు."

నవ్వుతూ మళ్ళీ తీశాను. అదే బుడగ. మిషన్ చెడిందని తేల్చేసి, రోగుల స్కాన్లు ఆపి, చెన్నైలో ఇంజినీరుకి ఫోన్ చేశాం. అతగాడు వస్తున్నా వస్తున్నా అంటూ వారం తిప్పాడు. బోణీ మాత్రం ఆపలేదు. రోజూ బుడగ కాస్త పెరిగేది, రోజూ మేం ఇంజినీరుని తిట్టుకునేవాళ్ళం. ఇంకొకరి కన్ను పెట్టి చూడాలని ఒక్కరికైనా తడితేనా! బోణీ కన్ను తప్పుతుందని ఎవరనుకుంటారు?

ఆ వారంలోనే పెరియనాయకి అవ్వ వచ్చింది. సార్ లెన్సుతో చూస్తే, ఎడమ కంట్లో నీరు చేరి, అప్పటికే మచ్చ కట్టి ఉంది.

"అద్దాలు పాతబడ్డాయనుకున్నా నాయనా," అంది.

సార్‌కి కోపం ఆగలేదు. "కన్ను చెడితే అద్దాల్ని అంటావేం అవ్వా? ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూసుకోమని ఎన్నిసార్లు చెప్పాను? నీరు చేరగానే ఇంజెక్షన్ పడాలి. మచ్చ కట్టాక పోయిన చూపు రాదు. ముందే రావాల్సింది."

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె మీద జాలేసింది.

ఎట్టకేలకు ఇంజినీరు అర్పుదరాజ్ దిగాడు. మిషన్ విప్పి చూశాడు, బిగించాడు, తనే గడ్డం ఆనించి కూర్చున్నాడు. "తియ్యక్కా," అన్నాడు.

తీశాను. పొరలు నునుపుగా ఉన్నాయి. మధ్యలో చక్కటి గుంట.

"దీనికేం రోగమక్కా? బంగారంలా ఉంది."

నాకు వెనక్కి తిరగాలంటే భయమేసింది. సార్ తెర వైపే చూస్తున్నారు. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని నా వైపు తిరిగారు.

"పూంగోదై, ఇవాళ బొట్టు పెట్టుకోలేదేం?"

నా బొట్టు రూపాయి బిళ్ళంత ఉంటుంది. దాన్ని చూసి రోజూ ఏడిపించేది ఆయనే.

"పెట్టుకున్నాను సార్."

ఆయన చెయ్యి తీయలేదు. నా మొహం మధ్యలో దాన్ని ఇంకా వెతుకుతున్నారు.

"ముందే రావాల్సింది," అన్నారు మెల్లగా.

నేను ఇంజెక్షన్ గది తాళాల కోసం పరుగెత్తాను.