కలం కడుపులో సుమి

కగేయామ గారు తాతయ్య కలాన్ని చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపారు. చప్పుడు లేదు. పాళీ ఉన్న భాగాన్ని తిప్పి చూశారు. కదల్లేదు. వెనక మూతనీ తిప్పారు. అదీ అంతే.

ఆయన యోనగో పట్నంలో ముప్పై ఏళ్లుగా కలాలు బాగు చేస్తున్నారు. చిన్నప్పుడు మా ఊళ్లో బామ్మ దగ్గరే కుంచెరాత నేర్చుకున్నారు. ఇప్పటికీ ఆమెను పంతులమ్మ గారనే పిలుస్తారు.

"దీంతో రాసి ఎన్నాళ్లయింది పంతులమ్మ గారూ?"

"ఆయన పోయి ఆరేళ్లు. అప్పట్నుంచీ పెట్టెలోనే ఉంది. కడిగి దాచాలని నాకు తోచలేదు. ఏడో ఏటి ప్రార్థనకి పిలుపు ఉత్తరాలు దీంతోనే రాయాలనుకున్నా. తప్పు నాదే."

ఆ మాట బామ్మ బస్సులో కూడా రెండుసార్లు అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తప్పు ఆమెది కాదు.

మార్చిలో ఆ కలం పెట్టెలోంచి తీసి, కడిగి, దాంతో డైరీ రాసుకుందామనుకున్నాను. ఇంట్లో సిరా లేదు. బామ్మ పిల్లలకు నేర్పే గదిలో కుంచెలతో రాయడానికి వాడే సుమి రంగు సీసా ఉంది. అదీ నల్లగానే ఉంటుంది కదా అని చుక్కల గొట్టంతో కలం నిండా పోశాను. రెండు రోజులు కమ్మగా రాసింది. మూడో రోజు ఆగిపోయింది. తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా "కలం మొరాయించింది" అని మాత్రమే రాశాను.

కగేయామ గారు సొరుగులోంచి పాత కెమెరా తీశారు. దాని లోపలి అద్దం ఒకటి ఆయనే ఊడదీశారట. ముందు నల్లటి ఫిల్టర్ బిగించి, కలాన్ని కిటికీ గట్టు మీద ఎండలో పెట్టారు.

"లైటు వేసుకోవచ్చుగా," అంది బామ్మ.

"ఇప్పటి లైట్లు దీనికి పనికిరావండీ. దీనికి పరారుణ కాంతి కావాలి, దాన్ని ఆపే అద్దాన్నే ఊడదీశా. మన కంటికి కనబడదు, ఎండలో మాత్రం బోలెడు ఉంటుంది. ఈ కలం నల్ల రంగు కలిపిన సెల్యులాయిడ్. ఆ కాంతికి ఇది గాజు లెక్క."

"అయితే నన్నూ ఒకటి తియ్యి. పొద్దున తిన్న ముల్లంగి ఎందాకా వెళ్లిందో చూద్దాం."

"మీ లోపలికి తొంగిచూసే ధైర్యం నాకెక్కడిదండీ."

ముందు అదే రకం కలం, తనది, తీసి చూపించారు. దాన్నిండా నీలం సిరా ఉందట. ఫొటోలో మాత్రం ఖాళీ గాజు గొట్టంలా ఉంది. మామూలు సిరా ఈ కెమెరాకి నీళ్లతో సమానమని చెప్పారు.

తర్వాత తాతయ్య కలం. గొట్టం తెల్లగా, నడిమధ్య సన్నటి కడ్డీ. పాళీ మొదలు నుంచి సగం దాకా ఆ కడ్డీని పట్టుకొని నల్లటి ముద్ద.

"సిరా అయితే కనపడదు. కాబట్టి ఇది రబ్బరే," అన్నారు కగేయామ గారు. "వెనక బిరడా కుళ్లి, కిందికి జారి పట్టేసింది. వేడిగాలి పెట్టి తిప్పాల్సిందే."

"పగులుతుందా?" అని అడిగింది బామ్మ.

"చెప్పలేనండీ. వేడి కాస్త ఎక్కువైతే వంకరపోతుంది. నిప్పు అంటుకున్నా అంటుకుంటుంది."

"తప్పదంటే కానియ్యి. దాచుకోవడం చేతకాని దాన్ని, ఏమైనా నేనే పడాలి."

ఆయన వేడిగాలి యంత్రం ఆన్ చేశారు. బల్ల మీద జనం పాళీలు గీసి చూసుకునే కాగితాల కట్ట కనబడింది. పక్కనున్న కలం తీసుకొని ఒక్క అక్షరం రాశాను. పైన 'నలుపు' గుర్తు, కింద 'మట్టి' గుర్తు. రెండూ కలిస్తే సుమి. కాగితాన్ని బామ్మ ముందుకు జరిపాను.

"కింది గీత పొట్టిగా ఉంది," అంది బామ్మ అలవాటుగా. తర్వాత నా ముఖం చూసింది. "ఏంటే ఇది, ఫుకీ?"

"కలంలో ఉన్నది. నేనే పోశాను. మార్చిలో."

యంత్రం చప్పుడు ఆగింది.

"సుమి పోశావా? కలంలో?" కగేయామ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "సుమి అంటే మసీ, జిగురూ. మసిని దాటి ఈ కెమెరా చూడలేదు. వేడి పెట్టి ఉంటే ఆ జిగురు రాయయ్యేది. కుంచెరాత నేర్పే ఇంటి నుంచి వచ్చిన కలం కదా అని నాకైనా తట్టాల్సింది."

"నీకు అప్పుడూ ఏదీ తట్టేది కాదు," అంది బామ్మ. నావైపు తిరిగింది. "పది రోజులుగా నన్ను నేను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావా?"

"ఊఁ."

"గట్టిదానివే."

కగేయామ గారు చిన్న గాజు గ్లాసు ఇచ్చారు. కలాన్ని అందులో నిలబెట్టి, పాళీ మునిగేంత నీళ్లు మాత్రమే పోయాలి. పొద్దునా సాయంత్రం మార్చాలి. ఎంత ఆశ పుట్టినా తిప్పకూడదు. ఆ పని నాకే పడింది. మొదట్లో నీళ్లు సుమి అంత నల్లగా అయ్యేవి. అయిదో రోజుకి వాన మబ్బు రంగుకి వచ్చాయి. తొమ్మిదో రోజు బామ్మ రానంది. ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. కగేయామ గారు రబ్బరు ముక్కతో పట్టుకొని తిప్పారు. చిన్నగా కిర్రుమని కలం విడిపోయింది.

మర్నాడు బామ్మ కొత్త సిరా నింపి మొదటి ఉత్తరం రాసింది. రెండోది సగంలో ఆపి, కలం నా చేతికిచ్చింది.

"నాకు చెయ్యి నొప్పి. ఇంకా ముప్పై రెండు ఉన్నాయి."

అది నొప్పి కాదని నాకు తెలుసు. కూర్చుని రాశాను. ఇరవయ్యో ఉత్తరం దగ్గర సిరా అయిపోయింది. అలమరలోంచి సీసా తెచ్చి, మూత తీయకముందే దాని మీది పేరు చీటీని బామ్మకు చూపించాను.

"ఇదేనా?"

"చదవడం వచ్చుగా," అంది బామ్మ తలెత్తకుండా.