చేపలకు అమ్మవారు

రాత్రి భోజనం అయ్యాక రంగనాయకులు అరుగు మీదికి రావడం మానేశాడు. రాఘవమ్మకు అన్నిటికంటే అది కష్టంగా ఉండేది.

తమ్ముడికి పెళ్లయ్యేదాకా ఆ కాసేపు ఆమెదే. గనిలో ఎన్ని పలకలు పగిలాయో, చట్రాలు చేసే వడ్రంగి ఏం గొణిగాడో, బేస్తవారిపేట దుకాణదారు ఏ మాట తప్పాడో అన్నీ ఆమెకు చెప్పేవాడు. ఆమె వక్క కత్తిరిస్తూ వినేది. మొగుడు పోయి పుట్టింటికి చేరినప్పటి నుంచి ఆ ఇంట్లో తనదంటూ ఆమెకు ఉన్నది ఆ మాటలే.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఊరూరా బడులు పెట్టారు. మార్కాపురం పలకలకు గిరాకీ పెరిగింది. రంగనాయకులు ఒంగోలు వైపు సంబంధం చేసుకున్నాడు. పెళ్లికూతురు చెంచులక్ష్మి తండ్రి సముద్రం ఒడ్డున ఉప్పు కొఠార్లలో గుమాస్తా. ఆయనకు సముద్రపు చేపల్ని అద్దాల తొట్టిలో పెంచడం సరదా. కూతురు కాపురానికి వస్తూ ఆ సరదాను కూడా వెంట తెచ్చుకుంది.

ఇనుప చట్రంలో నాలుగు అద్దాలు బిగించి, సందులకు తారు పూసిన తొట్టి అది. అడుగుకు రంగనాయకులు తన గని నుంచి పెద్ద పలక కోయించి, దాని మీద ఇసుక పరిచాడు. పలకలు దించి వచ్చే లారీలో ఊరగాయ జాడీల నిండా సముద్రపు నీళ్లు తెప్పించేవాడు. వెండి ఒంటిమీద నల్లచారలున్న చేపలు అందులో తిరిగేవి. వాటికి గాలి కావాలంటే పాత లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి, సన్నని రబ్బరు గొట్టం గుండా కొంచెం కొంచెం వదలాలి. రోజూ భోజనం కాగానే అతను పంపు కొట్టేవాడు, చెంచులక్ష్మి గొట్టం సర్దేది. లోపల ఇద్దరూ నవ్వుకుంటుంటే అరుగు మీద రాఘవమ్మకు వినపడేది.

"మీ తమ్ముడు చేపలకు గాలి కొడతన్నాడంట గదా, రాఘవమ్మా!" అన్నది పక్కింటి గోవిందమ్మ. "నీకొక విసనకర్ర అన్నా కొనిచ్చినాడా?"

"నాకెందుకు పిన్నమ్మా? నేనేమన్నా నీళ్లలో ఉన్నానా?" అన్నది రాఘవమ్మ. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు చేపలు ఇసుకకేసి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. ఒంటినిండా తెల్లని చుక్కలు.

"పురుగు పట్టింది వదినా," అంది చెంచులక్ష్మి. "మా నాన్నయితే మంచినీళ్లలో కాసేపు ముంచి తీసేవాడు. ఉప్పునీళ్ల పురుగు కదా, మంచినీళ్లకు ఓర్చుకోలేదు. రాలిపోతుంది."

రాఘవమ్మ తొట్టి దగ్గరికి వంగి చూసింది. తమ్ముడు కూడా వెనకే ఉన్నాడు.

"పురుగేంది పిల్లా? కండ్లు తెరిచి చూడు. అమ్మవారు పోసింది."

రంగనాయకులు నవ్వబోయాడు. "చేపలకు అమ్మవారేందక్కా?"

"కోళ్లకు పొయ్యదా? గొర్రెలకు పొయ్యదా? ఇంట్లో తిరిగే జీవం కాదా ఇది? అమ్మ పోయినప్పుడు నువ్వు పాలు తాగే పిల్లోడివి. ఎట్ల పోసిందో నేను చూసినాను."

అతని నవ్వు ఆగిపోయింది. తల్లి మశూచితో పోయిందని అతనికి తెలుసు. ఇక అక్క చెప్పినట్టే జరిగింది. గుమ్మానికి వేపాకు కట్టారు. కూరల్లో తాళింపు మానేశారు. చేపల్ని ముట్టుకోకూడదు, మందు వెయ్యకూడదు, బయటివాళ్లు చూడ్డానికి రాకూడదు. అమ్మవారు ఇంట్లో ఉన్నంతకాలం మొగుడూ పెళ్లాలు ఒక గదిలో పడుకోకూడదు గనుక రంగనాయకులు మంచం అరుగు మీదికి వచ్చింది.

రాఘవమ్మ వక్కలు, అడకత్తెర తెచ్చుకుని కూర్చుంది.

"గనిలో ఏంది సంగతులు?"

"ఏముంది అక్కా, మామూలే." అతను గుమ్మం వైపు చూశాడు. "పెద్దది ఒకటి పక్కకు ఒరిగిపోతా ఉంది. లక్ష్మి పొద్దున్నుంచి ఏం తినలేదు."

మర్నాడూ అవే మాటలు. లక్ష్మి ఏడ్చింది, లక్ష్మి నిద్రపోలేదు. మనిషిని అరుగు మీదికి తెచ్చుకుందే గాని, అతని నోట్లోంచి ఒక్క పలక ముక్క రాలలేదు. రాఘవమ్మ వక్కను పిండి అయ్యేదాకా కత్తిరించింది.

ఒక చేప చచ్చి తేలిన పొద్దున చెంచులక్ష్మి మొహం కడుక్కుని వచ్చి వదిన ఎదురుగా నిలబడింది.

"అమ్మవారు దిగేటప్పుడు నీళ్లు పోస్తారు కదా వదినా?"

"పోస్తారు."

"ఎవరు పొయ్యాలి?"

"ఇంటికి పెద్దామె."

"అయితే ఇవాళ మీరు పొయ్యండి. చుక్కలు ఆరుతున్నాయి."

ఒక్క చుక్కా ఆరలేదు. అది ఇద్దరికీ తెలుసు. కానీ తమ్ముడు ఆశగా చూస్తున్నాడు. తన నోటితో తెచ్చిన అమ్మవారిని ఇప్పుడు కాదనడం ఎట్లాగో రాఘవమ్మకు తోచలేదు.

"నీళ్లలో వేపాకు వెయ్యాల," అన్నది.

"గుమ్మానికి ఉంది కదా వదినా, చాల్లెండి."

పులుసు కాచే రాచ్చిప్పలో మంచినీళ్లు పోసి, తొట్టిలో నీళ్లంత వెచ్చన అయ్యేదాకా పక్కనే ఉంచారు. చెంచులక్ష్మి పెద్ద చేపను పలుచని గుడ్డలో పట్టి అందించింది. రాఘవమ్మ దాన్ని నీళ్లలో ముంచింది. చేప ఒకసారి కొట్టుకుని, పక్కకు ఒరిగింది.

రంగనాయకులు అక్క భుజం మీదుగా వంగాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి అతను ఆమె చేతినే చూస్తున్నాడు. కదిలితే ఆ చూపు పోతుందేమోనన్నట్టు ఆమె కదలకుండా కూర్చుంది.

"ఇక తియ్యండి వదినా," అంది చెంచులక్ష్మి.

రాఘవమ్మ తియ్యలేదు. ఇంకొంచెం ఉంచితే చాలు. అమ్మవారు తీసుకుపోయింది అంటారు. అద్దాల తొట్టి ఖాళీ అవుతుంది.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

ఆమె రెండో పెళ్లాంగా కాపురానికి పోయిన మనిషి. చనిపోయిన మొదటామె కాచిన పులుసును ఆ ఇంట్లో ఎన్నేళ్లు వండినా దాటలేకపోయింది. మొదటామె నవ్వు, మొదటామె ముగ్గు, మొదటామె మంచితనం. బతికున్నవాటి మీద మోజు ఎప్పటికైనా తీరుతుంది. చచ్చినవాటి మీద తీరదు. ఈ చేప చస్తే దాన్ని తలుచుకుని ఈ పిల్ల ఏడుస్తుంది, పిల్లను ఓదారుస్తూ వీడు జన్మంతా ఆ గదిలోనే ఉంటాడు.

చటుక్కున పైకి తీసింది. జాడీలోని కొత్త సముద్రపు నీళ్లలో చేప తోక ఆడించింది. రాచ్చిప్ప నల్లని అడుగున పొట్టులాంటి తెల్లని తునకలు రాలి ఉన్నాయి.

"చూడక్కా, రాలినాయి!" అన్నాడు రంగనాయకులు. తర్వాత భార్య వైపు తిరిగాడు. రాలింది పురుగేనా అన్న ప్రశ్న అతని కళ్లలో కదిలింది.

"అమ్మవారు దిగింది," అంది చెంచులక్ష్మి.

ఆ మంచితనం రాఘవమ్మకు పుండు మీద కారం చల్లినట్టు మండింది.

మిగిలిన చేపల్నీ అట్లాగే ముంచి తీసి జాడీలో వేశారు. తొట్టిని కొన్నాళ్లు చేపలు లేకుండా ఉంచాలని చెంచులక్ష్మి చెప్పింది. పురుగు గుడ్లు ఇసుకలో ఉంటాయి, ఇసుకను ఎండలో ఆరబొయ్యాలి, పట్టుకునేందుకు చేప దొరకకపోతే మిగిలిన పురుగూ చస్తుంది.

"అంతదాకా జాడీ నా గదిలో పెట్టు," అన్నది రాఘవమ్మ. "అక్కడ ఎండ పడదు."

జాడీ వెంట లారీ ట్యూబు వచ్చింది. ట్యూబు వెంట తమ్ముడు వచ్చాడు. పంపు కొడుతూ అతను జాడీనే చూసేవాడు గాని, చేతులకు పని ఉండేసరికి నోరు దానంతట అదే గని కబుర్లు చెప్పేది. వడ్రంగి మళ్లీ గొణిగాడట. గిద్దలూరు బేరం కుదిరిందట. రాఘవమ్మ వక్క కత్తిరిస్తూ వినేది. చెంచులక్ష్మి గడప అవతల నిలబడేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఒక సాయంత్రం పెరట్లో ఇద్దరూ కూర్చుని ఉన్నప్పుడు చెంచులక్ష్మి అంది: "ఇసుక ఎండింది వదినా. అద్దాలు కూడా తుడిచాను. చేపల్ని తీసుకుపోతాను."

రాఘవమ్మ గోనెపట్టా మీద పరిచిన ఇసుకను పిడికిట్లోకి తీసుకుంది. అది వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారిపోయింది.

"ఇంకా చెమ్మ ఉంది," అన్నది.

చెంచులక్ష్మి ఆ ఖాళీ చెయ్యిని చూసింది.

"సరే వదినా. ఆరేదాకా నేనూ మీ గదిలోనే కూర్చుంటాను. నాకూ ఒక పీట వెయ్యండి."

"గది ఇరుకు."

"సర్దుకుంటాను."

లోపల పంపు చప్పుడు మొదలైంది. ఇద్దరూ ఒక్కసారే లేచారు.