కొండ అంచున టూనిస్ బొమ్మ

మా కాట్‌స్కిల్ కొండ మీది తెల్ల హోటలుకు వేసవి వస్తే చాలు, దోమల కంటే ముందు చిత్రకారులు దిగుతారు. పొద్దుపొడుపు చూస్తామంటూ దుప్పట్లు కప్పుకుని మరీ బండ మీదికి పోతారు. మంచుకు తడిసి, మట్టి కొట్టుకున్న ఆ దుప్పట్లు ఉతికేది నేనూ, నాతోపాటు ఇక్కడ పనిచేసే యానెకె. అందుకే వాళ్లంటే నాకు ఒళ్లుమంట.

వాళ్ల పద్ధతి ఒకటుంది. వేసవిలో ఇక్కడ పెన్సిలుతో గీసుకుంటారు. చలికాలమంతా న్యూయార్కులో కూర్చుని రంగులేస్తారు. కొండ ఎంత పెద్దదో తెలియాలని అంచున ఒక మనిషిని నిలబెడతారు. అతని ముఖం లోయవైపు, వీపు మనవైపు.

పోయినేడు చిత్రకారుడు ఎల్లరీగారు అలా నిలబెట్టింది యానెకె మొగుడు టూనిస్‌నే. ఇక్కడే గుర్రబ్బండి తోలేవాడు. ఆకులు రాలేవేళకు దక్షిణాది రాష్ట్రాలతో యుద్ధానికి పోయాడు, వర్జీనియా మట్టిలో కలిసిపోయాడు. ఫోటో తీయించుకోమంటే "వచ్చాక చూద్దాంలే" అన్న మనిషి. యానెకెకు మిగిలిన ఆశల్లా ఆ బొమ్మే.

"పక్కనుంచైనా ముఖం ఒక్కసారి కనబడితే చాలక్కా," అంటూ చలికాలమంతా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది.

ఈ వేసవికి బొమ్మ వచ్చింది. హాల్లో తగిలించారు. యానెకె సబ్బు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది, వెనకే నేను. కొండలు, మబ్బులు, అగ్గిపెట్టెంత హోటలు, అంచున గోరంత టూనిస్. వీపు.

"అయ్యగారూ, ఈయన్ని కాస్త ఇటు తిప్పండి," అంది, బొమ్మ పక్కనే ఉన్న ఎల్లరీగారితో.

ఆయన తడబడ్డారు. "తిప్పితే అందరూ అతన్నే చూస్తారమ్మా. కొండనెవరు చూస్తారు?"

"కొండకేం, గుమ్మం దాటితే అక్కడే ఏడ్చింది!" అన్నాను నేను.

ఆయన యానెకె వేసుకున్న సంతాపపు నల్లగౌను చూశారు. పాపం, చెడ్డమనిషేం కాదు. "ముఖం విడిగా గీసిస్తాను. కానీ నేను శ్రద్ధగా చూసింది వీపే. నువ్వే చెప్పాలి. ముక్కెలా ఉండేది?"

"ముక్కు... బాగానే ఉండేది. కళ్లు నవ్వుతున్నట్టుండేవి."

"ఇలాగా?" కాగితం మీద గీసి చూపించారు.

"కాదు."

"పోనీ, ఇలా?"

యానెకె ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి దాన్ని బోర్లించి, పైన చెయ్యి పెట్టేసింది.

"ఇంక గీయకండి అయ్యగారూ. ఇంకోటి చూస్తే అదే ఆయన ముఖమని నమ్మేస్తాను. అసలు ముఖం నాకు ఇప్పటికే సగం గుర్తులేదు."