అరవై ఎవరికి

తెలియక చేసింది పాపమా, తెలిశాక ఊరుకున్నది పాపమా అన్న సందేహం తొమ్మిదేళ్లుగా నా వెంటే ఉంది. రోజూ పొద్దున స్నానం చేసి దేవుడి ముందు కూర్చుంటాను. కళ్లు మూసుకోగానే ఆయనకన్నా ముందు ఒక బిల్లు కనిపిస్తుంది.

నాది గీతల పని. కుట్టేవాళ్లకు, చెక్కపనివాళ్లకు కంప్యూటర్లో నమూనాలు గీసి, అసలు కొలతకు అచ్చు తీసి ఇస్తాను. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో, బిల్లు ఎలా ఉండాలో తెలియక ఒక పెద్ద కంపెనీ బిల్లు చూసి గీసుకున్నాను. అందులో పని ఖరీదు కింద ‘వ్యాట్, నూటికి ఇరవై’ అని ఒక వరస, దాని పక్కన పన్ను నమోదు నెంబరుకు ఒక గడి ఉన్నాయి. నాకు నెంబరు లేదు. గడి తీసేస్తే బిల్లు ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించింది. అందుకని ఖాళీగా ఉంచేశాను.

నాకు మొదట పని ఇచ్చింది తెరల అక్క. నాటకశాలలకు తెరలు కుడుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. నెలకు మూడు వందల పని ఇచ్చేది. నేను మూడు వందల అరవైకి బిల్లు రాసేవాణ్ణి.

“ఈ అరవై ఎవరికి తమ్ముడూ?” అని మొదటి నెలే అడిగింది.

“సర్కారుకి అక్కా. పన్ను.”

“సరేలే. మా గుమ్మం ముందు గుంట పూడుస్తారేమో.”

రెండు నెలలయ్యాక, ఆ పన్ను ఎలా కట్టాలో కనుక్కుందామని పన్ను ఆఫీసుకు వెళ్లాను. కిటికీ వెనక గుమస్తా నా రాబడి విని నవ్వు ఆపుకున్నాడు. “ఇంత చిన్న రాబడికి నమోదే అక్కర్లేదండీ. వ్యాట్ వసూలు చేసే హక్కు కూడా లేదు. హాయిగా ఇంటికెళ్లండి.”

హాయిగానే వెళ్లాను. ఆ వరస తీసేస్తే నా బిల్లు చిల్లర కొట్టు చీటీలా ఉంటుందనిపించింది. పైగా అప్పటికే ఆ అరవై ఇంట్లో చంటిపిల్ల పాల ఖర్చుకు సరిపోతోంది. వచ్చే నెల తీసేద్దాం అనుకున్నాను. అలా అనుకుంటూనే పద్నాలుగు బిల్లులు అయ్యాయి. ఈలోగా ఆ వీధికి నిజంగానే రోడ్డు వేశారు. అక్క కొత్త తారు మీద చెప్పు ఆనించి చూసి, “మన అరవైలే తమ్ముడూ ఇవి” అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వేరే పనులు దొరకగానే, ఇక తీరిక లేదని ఆమెకు కబురు పంపి తప్పుకున్నాను. అప్పటినుంచి బస్సు ఒక స్టాపు ముందే దిగి, ఆ వీధి తగలకుండా చుట్టూ తిరిగి ఇంటికి వస్తున్నాను. నడక ఒంటికి మంచిదని మా ఆవిడతో చెప్పాను.

ఈ ఏడు రాబడి హద్దు దాటింది. నమోదు చేయించుకుంటే నెంబరు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున, మొదటి మూడు నెలల పన్ను లెక్క ఫారం నింపుదామని బల్ల మీద కాగితాలు పరిచాను. నాకు వచ్చిన మొత్తంలోంచి ఐదో వంతు పన్ను కింద తీసి ఒక పక్క రాశాను. కాగితానికీ సిరాకీ నేను కట్టిన వ్యాట్ ఇంకో పక్క రాశాను. మొదటిదాంట్లోంచి రెండోది పోగా మిగిలింది సర్కారుకు కట్టాలి. అక్కడిదాకా బాగానే సాగింది. నాలుగో పేజీలో ఒక ప్రశ్న ఉంది. ‘నమోదుకు ముందు పన్ను పేరుతో వసూలు చేసి, తిరిగి ఇవ్వకుండా ఉంచుకున్న సొమ్ము ఏదైనా ఉందా? అవును, లేదు.’

పెన్ను అక్కడ ఆగిపోయింది.

ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆవిడ కాసేపు చూసి, “ఏమండీ, ఆ గడిలో పాముందా ఏంటి, అలా బిగుసుకుపోయారు?” అంది.

చెప్పేశాను. ఆమె కత్తి కింద పెట్టింది.

“తొమ్మిదేళ్ల నడక దీనికోసమా? మోకాళ్ల నొప్పులంటే నూనె రాశాను కదండీ నేను.”

నేను పెన్నుకు మూత పెట్టాను.

“దేవుడికి చెప్పుకున్నారా?”

“రోజూ.”

“ఆయనకు చెప్తే ఏం లాభం? డబ్బు ఆవిడది కదా.”

మర్నాడు బ్యాంకుకు వెళ్లి డబ్బు తీసి కవరులో పెట్టుకున్నాను. పద్నాలుగు బిల్లులకు మొత్తం ఐదు వేల నలభై. అందులో ఐదో వంతు వెయ్యీ ఎనిమిది. బస్సు అసలు స్టాపులోనే దిగాను.

అక్క జుట్టు పూర్తిగా నెరిసింది. గుమ్మందాకా గదినిండా ఎర్ర మఖమలు గుడ్డ పరిచి, మధ్యలో కూర్చుని అంచు మడుస్తోంది. నన్ను చూసి కళ్లజోడు పైకి తోసింది.

“ఎవరూ, తమ్ముడా? దారి తప్పి వచ్చావా?”

గుమ్మంలోనే నిలబడి, వరసగా అంతా చెప్పాను. ఆమె సూది ఆపలేదు.

“తెలుసులే” అంది చివరికి. “నెంబరు లేని బిల్లు చెల్లదని మా లెక్కలు రాసే ఆయన ఆ ఏడే చెప్పాడు.”

“మరి అడగలేదేం అక్కా?”

“రేటు పెంచమనడానికి సిగ్గుపడి సర్కారు పేరు చెప్తున్నావనుకున్నా. చంటిపిల్లతో ఉన్నావు కదా అని ఊరుకున్నా. రోడ్డు వేసినప్పుడు ఆ మాట అన్నది, ఇప్పుడైనా చెప్తావేమోనని. నువ్వేమో నవ్వావు.”

కాళ్ల కింద ఉన్నది గుడ్డ కాబట్టి సరిపోయింది. నేలైతే చీలి మింగేస్తే బాగుండు అనుకునేవాణ్ణి.

ఆమె కవరు తీసుకుని, నోట్లు ఒడిలో పోసుకుని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“ఇదేం లెక్క? నూట అరవై ఎనిమిది ఎక్కువ ఉంది.”

“లేదక్కా. ఐదు వేల నలభైలో నూటికి ఇరవై.”

“గీతలు గీసేవాడివి, నీకు నేను చెప్పాలా?” అంటూ మెడలో ఉన్న టేపు తీసి గుడ్డ మీద పరిచింది. “వంద అంగుళాల తెరకి ఇరవై మడత కలిపాను. మొత్తం ఎంత?”

“నూట ఇరవై.”

“అందులో నా మడత ఎన్నో వంతు?”

టేపు వంక చూశాను. “ఆరో వంతు.”

“మరి ఐదో వంతు విప్పేస్తే తెర పొట్టిదైపోదూ?”

ఆమె ముందు అబద్ధం ఆడినప్పుడు కూడా ఇంత చిన్నవాణ్ణి అయినట్టు అనిపించలేదు. ఇంట్లో బల్ల మీద మూడు నెలల లెక్క కూడా అలాగే వేసి ఉందని చెప్పాను.

“అయితే సర్కారు గుంటలే కాదు, మొత్తం ఊరే పూడ్చేస్తుంది నీ డబ్బుతో” అని మొదటిసారి నవ్వింది.

ఎక్కువైనది నాకు ఇచ్చేసింది. వడ్డీ కింద ఉంచుకోమన్నాను.

“వడ్డీ తిని బతకలేదు తమ్ముడూ ఇన్నాళ్లూ. నాది నాకు చాలు.”

లేచి, బీరువా మీదున్న రేకు డబ్బా దించింది. అందులో నా పద్నాలుగు బిల్లులు ఒకే దారంతో కుట్టి ఉన్నాయి. పెన్సిలు నాలికకు తడి చేసుకుని, ఒక్కొక్క బిల్లు మీద ఆ ఖాళీ గడిలో ‘అరవై ముట్టింది’ అని నింపాదిగా రాసింది. పద్నాలుగోది అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.